తమ్ముడికి కిడ్నీ ఇద్దామనుకుంటున్నా, ఇచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పొదిలి కోడలు:
మా పుట్టిల్లు కనిగిరి దగ్గర పల్లె, నన్ను పొదిలికి ఇచ్చారు. తమ్ముడికి 34 ఏళ్లు, రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేశారు, దాని మీద వేలు పెడితే లోపల జుయ్‌మని అదురుతుంటుంది, మా పిల్లలకు అదో ఆట. అమ్మకు షుగరు, మరదలికి బీపీ, వాళ్లవి కుదరవన్నారు. నాది ఓ పాజిటివ్, వాడిది బీ, ఇవ్వొచ్చన్నారు. మా అత్తేమో రేపు నీకేమన్నా అయితే పిల్లల్ని ఎవరు చూస్తారంటుంది, మా ఆయన ఔననడు కాదనడు. రెండు గేదెలున్నాయి, గడ్డిమోపు మోసేది నేనే. ఆపరేషన్ తర్వాత ఈ పనులన్నీ చేసుకోగలనా? యూట్యూబ్ చూస్తే టెన్షన్ ఇంకా ఎక్కువైంది.

గూడూరు తమ్ముడు:
అక్కా, ఆరేళ్ల కింద మా అన్నకు ఇచ్చా. చిన్న బెజ్జాలు పెట్టి తీశారు, ఐదో రోజు ఇంటికొచ్చేశా. నొప్పి ఉండదు అనేవాళ్లని నమ్మొద్దు, పది రోజులు దగ్గొస్తే పొట్టకు దిండు అదుముకుని దగ్గాను. నెలన్నర బరువులెత్తొద్దన్నారు, గడ్డిమోపు మాత్రం డాక్టరు సరేననేదాకా ముట్టుకోవద్దు. మిగిలిన కిడ్నీ కొంచెం పెద్దదై రెండోదాని పని కూడా చాలావరకు చేస్తుంది. ఏడాదికోసారి కిడ్నీ ఎట్లా పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, బీపీ చూపించుకుంటా. మెడికల్ షాపులో అడిగి నొప్పి బిళ్లలు కొనుక్కుని మింగే అలవాటుంటే మానేయాలి. నాకు ఆపరేషన్ కన్నా కష్టమనిపించింది ఇంకోటి: చూడ్డానికొచ్చినోళ్లంతా అన్న మంచం దగ్గరే కూర్చునేవాళ్లు, యాపిల్స్ అన్నీ ఆయనకే. పక్క మంచం మీద నేనూ ఉన్నా గదా! మీకు అన్నం పెట్టేదెవరో ఇప్పుడే మాట్లాడుకోండి.

కావలి:
నేను తీసుకున్నవాణ్ణి, ఇచ్చింది మా చెల్లెలు. పాతవి తీయలేదు, కొత్తది కుడిపక్క పొత్తికడుపులో పెట్టారు, చెయ్యి పెడితే తెలుస్తుంది. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసుకునే టాక్రోలిమస్ మాత్ర పొద్దున 9కి, రాత్రి 9కి. రక్తంలో ఆ మందు లెవెల్ చూసే రోజు రక్తం ఇచ్చాకే మాత్ర. ఒకసారి పెళ్లిలో పడి రెండు గంటలు లేటయ్యానని తెలిసి, ఏందిరా నా కిడ్నీని ఇట్లా చూసేది అని చెల్లెలు ఫోన్లో ఏకి పారేసింది. పంపరపనస కూడా తినకూడదు, మందు రక్తంలో పెరిగిపోతుంది. ఆ కిడ్నీ పనిచేసినన్నాళ్లూ వేళకు మాత్రలు వేసుకుంటాడా అని ముందు మీ తమ్ముణ్ణి కూర్చోబెట్టి అడగండి.

ఒంగోలు నుంచి:
1994 అవయవ మార్పిడి చట్టం ప్రకారం అక్కచెల్లెళ్లు దగ్గరి బంధువుల కిందే లెక్క. ఇచ్చేది ఆడమనిషి అయితే తనంతట తానే ఒప్పుకుందా లేదా అన్నది తీసుకునే మనిషితో కాకుండా వేరేవాళ్లతో నిర్ధారించుకోవాలని 2014 రూల్స్‌లో ఉంది. మీకు భయమేసి మానుకోవాలన్నా డాక్టరుకు విడిగా చెప్పండి, ఆపరేషన్ ముందు ఎప్పుడైనా ఆగొచ్చు, తప్పేం లేదు. ఈలోగా చనిపోయినవాళ్ల అవయవాలు అవసరమైనవాళ్లకు ఇప్పించే సర్కారు పథకం జీవన్‌దాన్‌లో తమ్ముడి పేరు రాయించారా? డబ్బులిస్తే కిడ్నీ ఇప్పిస్తామని ఎవరన్నా ఫోన్ చేస్తే పెట్టేయండి, అది నేరం, జైలుకు పోతారు.

పొదిలి కోడలు:
పేరు రాయించలేదు, ఈసారి అడుగుతా. సోమవారం మా ఆయన్ని తీసుకుని నెల్లూరు పోతున్నా, ఆయన అడగాలనుకున్నవి డాక్టరునే అడగనీ. అత్తను కూడా రమ్మన్నా. నేనెందుకు, గేదెల సంగతి చూస్తాలే పోండి అంది. ఒప్పుకున్నట్టో కాదో అర్థం కాలేదు.