రూపాయి బిళ్ళ మింగేశాడు, ఏం చేయాలి?

కావలి అమ్మ: మా వాడికి నాలుగేళ్లు. నిన్న సాయంత్రం బిళ్ళ మింగేశాడు. ఎక్స్‌రే తీసి, పొట్టలోకి దిగిపోయింది, వచ్చేస్తుందిలే అని ఇంటికి పంపేశారు. అత్తయ్య పొద్దుట్నుంచి అరటిపండ్లు పెడుతూనే ఉన్నారు. నాకేమో టెన్షన్. ఎవరింట్లోనైనా ఇలా జరిగిందా?

సింగరాయకొండ నాన్న: మా పాప ఐదు రూపాయల బిళ్ళే మింగింది. నాలుగో రోజు వచ్చేసింది. పొట్టలోకి దిగితే చాలావరకు దానంతటదే వస్తుందండి. దొడ్డికెళ్ళినప్పుడల్లా వెతకడమే పని. చిల్లర మంచం మీద పడేసింది నేనే కాబట్టి ఆ డ్యూటీ మా ఆవిడ నాకే వేసింది. విరేచనాల మందు మాత్రం సొంతంగా వేయకండి. వాంతులు, కడుపునొప్పి, దొడ్లో నెత్తురు ఉంటే ఆగకుండా వెళ్ళండి.

ఒంగోలు పిన్ని: అది బిళ్ళేనని ఖాయమా? మా అక్క మనవడికి రెండేళ్లు. మేమూ రూపాయే అనుకున్నాం. వాడు చొంగ కారుస్తూ అన్నం ముట్టలేదు. ఎక్స్‌రేలో గుండ్రం లోపల ఇంకో గుండ్రం కనబడింది. బొమ్మ రిమోట్‌లోంచి ఊడిన బటన్ సెల్! కొత్త రూపాయి 20 మిల్లీమీటర్లు, 2032 అనే రకం బటన్ సెల్లూ అంతే. అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కండ కాలుతుందట. మా ఊళ్ళో ఆ వేళకు చిన్నపిల్లలకు ఎండోస్కోపీ చేసేవాళ్ళు దొరకలేదు, నెల్లూరు పరిగెత్తాం. డాక్టరు ఫోన్లో చెబితే దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె పట్టాం. ఏడాది నిండని బిడ్డకు తేనె కూడదు. తేనె పడుతున్నాం కదా అని ప్రయాణం ఆపకూడదు.

ఉదయగిరి: అయస్కాంతం గుళ్ళు ఒకటికి మించి మింగితే అస్సలు ఆగకండి. పేగుల్ని మధ్యలో నొక్కి ఒకదానికొకటి అతుక్కుంటాయి, చిల్లు పడుతుంది.

నెల్లూరోడు: నాది ముల్లు కథ. పులుసులో శీలావతి చేప ముల్లు గొంతులో దిగింది. మా నాయన ఉత్త అన్నం ముద్దలు మింగించాడు. అది ఇంకా లోపలికి గుచ్చుకుంది. రాత్రంతా ఉమ్మి మింగలేకపోయా. మర్నాడు ఈఎన్‌టీ డాక్టరు లైటు వేసి, టాన్సిల్ పక్కనుంచి పట్టకారుతో లాగేశాడు. రెండు నిమిషాలు పట్టలేదు. ఇంట్లో మాత్రం ఇప్పటికీ ముద్దల వైద్యమే.

కావలి అమ్మ: పిన్నిగారు, మీ మాట చదివి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఫిల్మ్ మళ్ళీ చూసి, గుండ్రం ఒక్కటే ఉంది, బిళ్ళేనన్నారు. మూడో రోజు పొద్దున వచ్చేసింది. అత్తయ్య తన అరటిపండ్ల మహిమే అంటున్నారు, నేను కాదనలేదు. తీరా కడిగి చూస్తే రూపాయి కాదు, రెండు రూపాయలు.