మధ్యాహ్నానికి 5సీబీ స్లయిడ్ నల్లబడుతోంది: నెమాటిక్‌కీ మామూలు ద్రవానికీ అణువుల్లో తేడా ఏమిటి?

ప్రశ్న (విజయవాడ, ఎమ్మెస్సీ ఫిజిక్స్):
క్రాస్ చేసిన (ఒకదానికొకటి లంబంగా పెట్టిన) పోలరైజర్ల మధ్య 5సీబీ అనే ద్రవ స్ఫటికం పొద్దున రంగురంగులుగా కనిపిస్తోంది. మధ్యాహ్నం రెండింటికి చూస్తే అంతా నలుపే. గదిలో ఏసీ లేదు. అప్పుడూ ఇప్పుడూ కారే పదార్థమే కదా, మరి అణువుల్లో ఏం మారింది? శాంపిల్ పాడైందా?

జవాబు 1 (గుంటూరు):
పాడవలేదండీ. 5సీబీ దాదాపు 24 డిగ్రీల దగ్గర కరిగి నెమాటిక్ (అణువులు ఇంచుమించు ఒకే దిశలో ఉండే ద్రవ స్ఫటిక స్థితి) అవుతుంది, 35 దాటితే మామూలు ద్రవం. మే నెల బెజవాడలో 35 ఎంతసేపు?

కళ్లంలో ఆరబోసిన మిరపకాయలు ఎటుపడితే అటు పడి ఉంటాయి. మామూలు ద్రవంలో అణువులు అలాగే ఉంటాయి. ఆ కాయలన్నిటినీ ఇంచుమించు ఒకే వాటానికి తిప్పండి. వరసలు కట్టొద్దు, తొడిమ ఏ వైపున్నా సరే. నెమాటిక్ అంటే అదే. అణువు ఎక్కడుండాలో నియమం లేదు, అందుకే పారుతుంది. ఎటు చూడాలో నియమం ఉంది, అందుకే వక్రీభవన గుణకం పొడవు దిశలో సుమారు 1.7, అడ్డంగా 1.5. రంగులు ఆ తేడావల్లే. మామూలు ద్రవంలో ఆ తేడా ఉండదు, అందుకే నలుపు.

అణువులు ఎంతవరకు ఒకే దిశలో ఉన్నాయో చెప్పే కొలత క్రమ పరామితి. అన్నీ కచ్చితంగా ఒకే దిశలో ఉంటే అది 1, ఏ దిశా లేకపోతే 0. 5సీబీలో గది ఉష్ణోగ్రత దగ్గర అది 0.6 ప్రాంతంలో ఉంటుంది. వేడెక్కేకొద్దీ 0.3, 0.4 దాకా జారి, 35 దగ్గర ఒక్కసారిగా సున్నా అవుతుంది.

జవాబు 2:
అణువు ఆకారం కూడా చూడండి. హెక్సేన్ పొడవైనదే, కానీ ఎక్కడపడితే అక్కడ వంగుతుంది. బైఫినైల్ బిరుసుగానే ఉంటుంది, తోక లేదు. 69 డిగ్రీలకు కరిగి నేరుగా మామూలు ద్రవమైపోతుంది. 5సీబీలో బిరుసు నడుము, మెత్తని ఐదు కార్బన్ల తోక రెండూ ఉన్నాయి.

జవాబు 3:
నలుపు కనిపించగానే ఐసోట్రోపిక్ (మామూలు ద్రవం) అని రాసేయకండి. అణువులు గాజుకు నిలువుగా నిలబడినా నల్లగానే కనిపిస్తుంది. కవర్ స్లిప్‌ను సూదితో మెల్లగా నొక్కండి. వెలుగు మెరిసి ఆరిపోతే అది నెమాటిక్.

హాట్ స్టేజ్ (స్లయిడ్‌ను వేడిచేసే పీఠం) ఉంటే నిమిషానికి అర డిగ్రీ చొప్పున పెంచండి. 35 కంటే బాగా ముందే నల్లబడటం మొదలై, నల్లని మచ్చలూ రంగులూ రెండు మూడు డిగ్రీల పాటు కలిసే ఉంటే శాంపిల్‌లో మలినం ఉంది. స్లయిడ్ కడిగిన అసిటోన్ పూర్తిగా ఆరకపోయినా ఇలాగే అవుతుంది. మైక్రోస్కోప్ బల్బు వేడిని కూడా లెక్కలోకి తీసుకోండి.

ఏసీ దొరకకపోతే ఈ7 మిశ్రమం వాడండి, 58 డిగ్రీల దాకా నెమాటిక్‌గానే ఉంటుంది. అది నాలుగు పదార్థాల కలయిక కాబట్టి, సీసాలో గడ్డ కనిపిస్తే పైనున్న ద్రవాన్ని మాత్రం తీసుకోవద్దు. సీసా మొత్తం వేడిచేసి, బాగా కలిపాకే చుక్క తీయాలి.