పది ట్యూన్లకు 20,000, హక్కులన్నీ వాళ్లకే అంటున్నారు. మ్యూజిక్ లైబ్రరీల్లో అమ్మిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కరీంనగర్ కీబోర్డ్:

అందరికీ నమస్కారం. పన్నెండేళ్లుగా పెళ్లిళ్లలో, ఆర్కెస్ట్రాల్లో కీబోర్డ్ వాయిస్తున్నాను. లాక్‌డౌన్‌లో ఇంట్లోనే చిన్న సెటప్ పెట్టుకుని సొంత ట్యూన్లు చేయడం మొదలుపెట్టాను. ఇప్పుడు హార్డ్ డిస్క్‌లో నలభై దాకా ఉన్నాయి. మా మేనమామ సన్నాయి వాయించినవి ఓ ఆరు, మిగతావన్నీ నేను ఒక్కడినే చేసినవి.

పోయిన వారం ఒక కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. పది ట్యూన్లు తీసుకుంటారట. మొత్తం 20,000 రూపాయలు, ఒకేసారి ఇస్తారు. అగ్రిమెంట్‌లో ‘అన్ని హక్కులు, శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని ఉంది. ఇంట్లో వాళ్లు వచ్చినకాడికి తీసుకోమంటున్నారు. వీడియోలకు, యాడ్లకు ట్యూన్లు అమ్మే ఆన్‌లైన్ మ్యూజిక్ లైబ్రరీలు కొన్నిటిలో మన రేటు మనమే పెట్టుకోవచ్చని ఒక ఫ్రెండ్ చెప్పాడు. కానీ ఎంత పెట్టాలి? 5 డాలర్లు పెడితే ఎక్కువ మంది కొంటారా? శుక్రవారంలోపు జవాబివ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

కృష్ణానగర్ మిక్సింగ్:

తమ్ముడూ, సంతకం పెట్టకు. ముందు ఆ కాగితం లాయర్‌కి చూపించు.

నేను 2014లో ఇలాగే ఆరు ట్యూన్లు 9,000కి ఇచ్చేశాను. ఆ నెల అద్దె కట్టాలి, అందుకే ఇచ్చాను. అందులో ఒకటి డప్పు మీద నడిచే నిమిషంన్నర ముక్క. రెండేళ్ల తర్వాత ఒక రాత్రి వంటింట్లో అన్నం తింటుంటే మా అమ్మ హాల్లోంచి ‘ఇది నీదే కదరా’ అని కేకేసింది. వెళ్లి చూస్తే టీవీలో ఏదో షో, బ్రేక్‌కి ముందు అదే డప్పు. ఆ తర్వాత ప్రతి ఎపిసోడ్‌లోనూ వినిపించింది. నా పేరు లేదు, పైసా రాలేదు. ఇది నేను చేశానని నా సాంపిల్స్‌లో పెట్టుకోవడానికి కూడా వీల్లేదని ఆ కాగితంలో రాసి ఉంది. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడదు.

అప్పటికే చట్టం మనవైపు మారిందని నాకు తెలియదు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. ట్యూన్ హక్కు వేరేవాళ్లకు రాసిచ్చినా, దాని వాడకం మీద వచ్చే రాయల్టీలో సగం స్వరకర్తకు రావాలి. సినిమాలోని సంగీతమైతే, దాన్ని ఆ సినిమాతో పాటు థియేటర్లో వినిపించినందుకు మాత్రం ఇది వర్తించదు. ఆ రాయల్టీ హక్కును వారసులకు గానీ సభ్యుల తరఫున రాయల్టీ వసూలు చేసే కాపీరైట్ సొసైటీకి గానీ తప్ప ఎవరికీ వదులుకోవడం కుదరదు, వదులుకున్నట్టు రాసుకున్నా చెల్లదు. ఇంకో మూడు సంగతులు గుర్తుపెట్టుకో. అగ్రిమెంట్‌లో కాలం రాయకపోతే ఐదేళ్లే. ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. తీసుకున్నవాళ్లు ఏడాదిలోపు ఆ హక్కు వాడకపోతే, వేరే మాట రాసి లేకపోతే, అది నీకే తిరిగొస్తుంది. అందుకే వాళ్లు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని పనిగట్టుకుని రాస్తారు. ఆ రెండు మాటలకే నువ్వు రేటు అడగాలి.

ఎడిట్ టేబుల్:

నేను కొనే వైపు ఉన్నాను. హైదరాబాద్‌లో కార్పొరేట్ ఫిల్ములు, రియల్ ఎస్టేట్ యాడ్లు ఎడిట్ చేస్తాను. 5 డాలర్ల మాట చూశాక చెప్పాలనిపించింది.

నెలకు ఇంత అని కట్టి ఎన్నైనా డౌన్‌లోడ్ చేసుకునే ఎపిడెమిక్ సౌండ్, ఆర్ట్‌లిస్ట్ లాంటివి వచ్చాక, చవక సంగీతం కావాల్సినవాళ్లంతా అటే వెళ్లారు. మీరు 5 పెట్టినా వాళ్లు వెనక్కి రారు. ఒక్కో ట్యూన్ విడిగా కొనడానికి వచ్చేవాళ్లం అక్కడ దొరకనిదాని కోసం వస్తాం. రెండు లక్షల ఫిల్ములో సంగీతం 500 అయినా 3,000 అయినా క్లయింట్ పట్టించుకోడు. తర్వాత ‘ఈ సంగీతం మాది’ అని ఎవరి నుంచీ క్లెయిమ్ రాకూడదు, అంతే. మరీ తక్కువ రేటు చూస్తే నాకు అసలు అనుమానమే వస్తుంది, ఇది సొంతమేనా, ఎక్కడినుంచైనా తెచ్చాడా అని.

నేను ఎలా ఎంచుకుంటానో చెప్తాను. టైమ్‌లైన్ మీద ముప్పై సెకన్ల యాడ్ ఉంటుంది. కింద వాయిస్ ఓవర్, చివర మూడు సెకన్లు కంపెనీ లోగో. ట్యూన్ పెట్టగానే మొదటి నాలుగు సెకన్లలో మూడ్ తెలియాలి, గొంతు వచ్చే చోట మెలోడీ పక్కకు తప్పుకోవాలి, లోగో మీద ‘ఠక్’మని ముగియాలి. మెల్లగా సౌండ్ తగ్గిపోయే ట్యూన్ ఎంత బాగున్నా వదిలేస్తాను. 60, 30, 15 సెకన్ల వెర్షన్లు, లూప్ (అతుకు తెలియకుండా మళ్లీ మళ్లీ తిప్పుకునే ముక్క), మెలోడీ లేని వెర్షన్ కలిపి ఇచ్చినవాళ్లది అరగంట పని తగ్గిస్తుంది కాబట్టి రెట్టింపు అయినా కొంటాను. ఫైల్ వేవ్‌లో, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఉంటే ఇంకా మంచిది.

పేరు కూడా. ‘ఫైనల్ 2 కొత్తది’ అని పెడితే నాకెలా దొరుకుతుంది? బయటివాళ్లకు సన్నాయి అనే మాట తెలియదు. నాదస్వరం, నాగస్వరం, సౌత్ ఇండియన్ వెడ్డింగ్, టెంపుల్, ఇవన్నీ ట్యాగుల్లో ఉండాలి. మీ మేనమామ గారి ఆరు ముక్కలే మీ దగ్గరున్న అసలు సరుకు. వాటిని ఆ పదిలో కలిపి ఇవ్వకండి.

వయొలిన్ బెజవాడ:

నా రేట్లు చెప్తాను, ఎవరికైనా పనికొస్తాయేమో. కంప్యూటర్‌లోనే చేసిన ట్యూన్ 30 డాలర్లు, నేను లైవ్‌గా వాయించినది 60, మృదంగం మనిషిని పిలిచి రికార్డ్ చేసింది 90. మొదట అన్నీ 15కి పెట్టాను. ఏడాదిలో పదకొండు అమ్ముడయ్యాయి. రేటు పెంచాక తొమ్మిది. చేతికొచ్చిన డబ్బు మాత్రం రెట్టింపు దాటింది. లైబ్రరీ తన వాటా పట్టుకున్నాకే మనకిస్తుంది కాబట్టి, ఆ లెక్క ముందే వేసుకోండి. ఒకే ట్యూన్‌ని రెండు చోట్ల రెండు రేట్లకు పెట్టకండి. కొనేవాళ్లు వెతికి తక్కువ ఉన్నచోటే కొంటారు.

రెండు పొరపాట్లు చేశాను, మీరు చేయకండి.

ఒకటి అన్నమయ్య కీర్తన. ఐదు వందల ఏళ్ల నాటిది, ఎవరి హక్కూ ఉండదనుకుని వయొలిన్ మీద వాయించి అప్‌లోడ్ చేశాను. మా గురువుగారు విని, ‘సాహిత్యం అన్నమయ్యదమ్మా, స్వరం ఎవరిది?’ అని అడిగారు. అప్పుడు తెలిసింది. రాగిరేకుల మీద సాహిత్యం, రాగం పేరు దొరికాయి గానీ ఆనాటి వరుసలు దొరకలేదు. మనం పాడుకునే వరుసల్లో చాలా మటుకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు లాంటివాళ్లు గత శతాబ్దంలో కట్టినవే. మన దేశంలో స్వరకర్త పోయాక అరవై ఏళ్ల దాకా హక్కు ఉంటుంది. రాళ్లపల్లి వారు 1979లో పోయారు, అంటే 2039 చివరి దాకా. అదే రోజు ఆ ట్యూన్ తీసేశాను. త్యాగరాజస్వామివైతే స్వరం కూడా ఆయనదే, ఆయన 1847లో సిద్ధిపొందారు, వాటితో ఇబ్బంది లేదు. అయినా వేరేవాళ్ల రికార్డింగ్ ముక్క మాత్రం వాడకూడదు, దానికి విడిగా హక్కు ఉంటుంది.

రెండోది కంటెంట్ ఐడీ, అంటే ఏ వీడియోలో మన ట్యూన్ ఉన్నా యూట్యూబ్ తనంతట తానే గుర్తుపట్టి క్లెయిమ్ వేసే ఏర్పాటు. పాటల యాప్‌లలో రావాలని ఒక ట్యూన్‌ని డిస్ట్రిబ్యూటర్ ద్వారా పంపాను, యూట్యూబ్ కంటెంట్ ఐడీ బాక్స్‌లో టిక్ పెట్టేశాను. అదే ట్యూన్ నా దగ్గర డబ్బిచ్చి కొన్న గుంటూరు వీడియోగ్రాఫర్ రాత్రి పదకొండింటికి ఫోన్ చేశారు. పెళ్లి వీడియో మీద క్లెయిమ్ పడింది, పెళ్లికూతురు వాళ్ల నాన్నగారు నిలదీస్తున్నారు. నా ట్యూన్, నా పేరు మీదే క్లెయిమ్! తీయించడానికి నాలుగు రోజులు పట్టింది. ఆయనకు డబ్బు వాపసు ఇచ్చి, క్షమించమని అడిగాను. ఇప్పుడు లైబ్రరీకి ఇచ్చేవి వేరు, కంటెంట్ ఐడీలో పెట్టేవి వేరు.

డాలస్ తబలా:

పన్ను సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. అమెరికా లైబ్రరీ అయితే మనం అమెరికా వాళ్లం కాదని చెప్పే డబ్ల్యూ-8బెన్ అనే పన్ను ఫారం నింపమంటారు. దాన్ని వదిలేస్తే అమెరికా అమ్మకాల రాయల్టీలో 30 శాతం పట్టుకుంటారు. పాన్ నంబర్ ఇచ్చి, ఇండియా-అమెరికా పన్ను ఒప్పందం కింద అడిగితే 15 శాతమే. ఆ పట్టుకున్నదానికి ఇండియాలో మీ రిటర్న్‌లో క్రెడిట్ తీసుకోవచ్చు, మీ ఆడిటర్‌కి చెప్పండి.

ఇంకోటి. ఐపీఆర్ఎస్ అనే కాపీరైట్ సొసైటీలో సభ్యులైతే టీవీ, రేడియో, పబ్లిక్‌లో వినిపించే హక్కు ఆ సొసైటీకి అప్పగించినట్టే. ఆ తర్వాత ‘అన్ని హక్కులు’ ఇచ్చేస్తున్నానని ఇంకో చోట సంతకం పెడితే, లేని హక్కును అమ్మినట్టవుతుంది. కొన్ని లైబ్రరీలు సొసైటీ సభ్యుల ట్యూన్లు తీసుకోవు కూడా. ఏ దారిలో వెళ్లాలో ముందు తేల్చుకోండి.

కృష్ణానగర్ మిక్సింగ్:

మేనమామ సన్నాయి గురించి ఒక మాట. సొంత మనిషే అయినా కాగితం రాయించుకో. నేను ఒక డప్పు ఆయనకు 3,000 ఇచ్చి రికార్డ్ చేశాను, కాగితం లేదు. లైబ్రరీ వాళ్లు వాయించినవాళ్ల అనుమతి పత్రం అడిగారు. అప్పటికి ఆయన ఊరు మారారు, ఫోన్ కలవలేదు. ట్యూన్ అలాగే పడి ఉంది. ఇప్పుడు తెలుగులోనే ఒక పేజీ రాసి, చదివి వినిపించి, అమ్మకంలో వాటా ఎంతో అందులోనే వేసి సంతకం తీసుకుంటాను. వాటా ఇవ్వాలి, ఆ ఊపిరి వాళ్లది.

ఇక్కడి వాళ్లకు నేరుగా అమ్మేటప్పుడు కూడా అంతే, ఒక పేజీ. ఏ వీడియోకి, ఎక్కడ, ఎన్నాళ్లు. యూట్యూబ్ ఛానెల్‌కి ఏడాదికి 2,500 తీసుకుంటాను. రెండు రాష్ట్రాల్లో టీవీ యాడ్ అయితే ఆరు నెలలకు 15,000. గడువు అయ్యాక మళ్లీ వచ్చి కట్టినవాళ్లు ఉన్నారు.

కరీంనగర్ కీబోర్డ్:

అందరికీ చాలా థాంక్స్. కంపెనీకి రాశాను. సన్నాయివి ఆరూ ఇవ్వనని, మిగతావాటిలో నాలుగు ఐదేళ్లకు, వేరేచోట అమ్ముకునే హక్కు నాకే ఉండేలా ఇస్తానని. సాయంత్రానికి జవాబు వచ్చింది, శాశ్వతంగా అయితేనే అన్నారు. వద్దన్నాను. ఇంట్లో కాస్త గొడవైంది, 20,000 అంటే మాకు చిన్న మొత్తం కాదు.

మామయ్యకు కాగితం చదివి వినిపించాను. వాటా నలభై శాతం రాస్తే ముప్పై చాలన్నాడు. నలభయ్యే ఉంచాను. ఈ రెండు రోజులూ కూర్చుని ఆరింటికీ ముప్పై సెకన్ల వెర్షన్లు కట్ చేశాను, అన్నిటికీ ముగింపు పెట్టాను. 60 డాలర్లు పెడుతున్నాను.

ఎడిట్ టేబుల్:

అందులో పొద్దుటి పూట మూడ్ ఉన్నది, మరీ పెళ్లిలా కాకుండా, ఏదైనా ఉందా? సంక్రాంతికి ఒక బట్టల షాపు యాడ్ చేస్తున్నాను, బుధవారం క్లయింట్‌కి చూపించాలి. ఉంటే ముప్పై సెకన్లది పంపండి.