డిస్కస్ ట్యాంకులో సగం నీళ్ళు మార్చాక చేపలు నల్లబడ్డాయి. పొరపాటు ఎక్కడ?

గాజుపెట్టె (కూకట్‌పల్లి):
అందరికీ నమస్కారం. నా దగ్గర 200 లీటర్ల ట్యాంకులో ఆరు డిస్కస్ చేపలు ఉన్నాయి. ఎనిమిది నెలల క్రితం రెండంగుళాల పిల్లలుగా కొన్నాను, ఇప్పుడు మూడంగుళాలు ఉన్నాయి. ఇంతకాలం వారానికొకసారి కుళాయి నీళ్ళతో 20 శాతం మాత్రమే మారుస్తూ వచ్చాను. డిస్కస్‌కు ఎక్కువ నీళ్ళు మార్చాలని చదివి నిన్న ఉదయం ఒకేసారి సగం తీసేశాను. కుళాయి రాకపోవడంతో అపార్ట్‌మెంటు బోరు నీళ్ళను నేరుగా పోశాను. సాయంత్రానికి చేపలన్నీ నల్లబడి, రెక్కలు ముడుచుకుని హీటరు వెనక నక్కాయి. ఒకటి నీటిపైకి వచ్చి నోరు తెరుస్తోంది. మార్చక ముందు పీహెచ్ (నీటి ఆమ్లతను చూపే అంకె; 7 కంటే తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 6.4, అమోనియా లీటరుకు 2 మిల్లీగ్రాములు. అయినా చేపలు బాగానే తినేవి. బోరు నీళ్ళ టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) 850, పోసేటప్పుడు పీహెచ్ 7.2. ఇప్పుడు ట్యాంకులో పీహెచ్ 7.9, అమోనియా 1 చూపిస్తున్నాయి. ఉష్ణోగ్రత 29 డిగ్రీలు, అందులో మార్పు లేదు. అమోనియా తగ్గాక చేపలు జబ్బు పడడం ఏమిటో అర్థం కావడం లేదు.

నీలిరెక్క:
అసలు పొరపాటు నిన్నటిది కాదండీ, నెలల నాటిది. చేపలు వదిలే అమోనియాను ఫిల్టరులోని బాక్టీరియా నైట్రైటుగా, ఆపై నైట్రేటుగా మారుస్తుంది. ఆ క్రమంలో ఆమ్లం పుట్టి నీటిలోని క్షారత (పీహెచ్ పడిపోకుండా ఆమ్లాన్ని అడ్డుకునే గుణం) కొద్దికొద్దిగా ఖర్చవుతుంది. వారానికి 20 శాతం కొత్త నీళ్ళు ఆ ఖర్చును పూడ్చలేకపోవడం వల్లనే మీ పీహెచ్ 6.4కు జారింది, అక్కడ బాక్టీరియా మందగించి అమోనియా పోగుపడింది. చేపలు అప్పుడు తట్టుకోవడానికి కారణం, ఆ పీహెచ్ దగ్గర అమోనియా దాదాపు అంతా అమ్మోనియం అనే, పెద్దగా హాని చేయని రూపంలో ఉండడమే. 29 డిగ్రీల దగ్గర విషరూపం వాటా పీహెచ్ 6.4లో సుమారు 0.2 శాతమైతే, 7.9లో ఆరు శాతానికి చేరువవుతుంది. కనుక సగం అమోనియాను తోడిపారబోసినా, మిగిలిన సగంలోని విషం ఉదయం కంటే సుమారు పదిహేను రెట్లయింది.

బోరు నీళ్ళు 7.2 చూపడం కూడా మోసమే. భూమిలోంచి వచ్చేటప్పుడు వాటిలో కరిగి ఉండే కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తక్కువగా కనిపిస్తుంది. ఎయిర్ స్టోన్ బుడగలతో ఆ వాయువు పోయేకొద్దీ పైకి ఎగబాకుతుంది.

రెండు రోజులు మేత ఆపండి, గాలి పెంచండి. కుళాయి నీళ్ళను డ్రమ్ములో ఒక రోజు ఎయిర్ స్టోన్‌తో నిలవబెట్టి, యాంటీ క్లోరిన్ వేసి, ట్యాంకు వేడికి తెచ్చి, రోజూ పాతిక శాతం మార్చండి. పీహెచ్ తగ్గించే ఆమ్లపు చుక్కలు మాత్రం పోయవద్దు. ఇంకొకటి, ఎనిమిది నెలల్లో ఒక్క అంగుళమే పెరగడం నాకు నల్లబడడం కంటే ఎక్కువ దిగులు కలిగించింది.

వరంగల్ ఆక్వా:
ఇంత శ్రమ ఎందుకండీ? డిస్కస్ అమెజాన్ చేప, మెత్తని, అంటే లవణాలు తక్కువైన నీళ్ళలో పుట్టింది. ఇంట్లో ఆర్వో యంత్రం ఉంటే పూర్తిగా ఆ నీళ్ళే పోయండి, టీడీఎస్ 30కి దిగుతుంది, బోరు సమస్య తీరిపోతుంది.

నీలిరెక్క:
అమెజాన్ ఉపనది రియో నీగ్రోలో పట్టిన హెకెల్ రకం అడవి డిస్కస్‌కు మీ మాట సరిపోతుంది; అక్కడి నీళ్ళ పీహెచ్ ఐదుకు లోపు కూడా ఉంటుంది. మన దుకాణాల్లో దొరికేవి తరతరాలుగా ఫారాల్లో పెరిగినవి, 7 నుంచి 7.5 వరకు హాయిగా బతుకుతాయి. ఉత్త ఆర్వో నీళ్ళలో క్షారత దాదాపు ఉండదు కనుక పీహెచ్ మళ్ళీ కూలుతుంది, కథ మొదటికి వస్తుంది. ఆర్వో వాడాలనుకుంటే కలపండి: 850 టీడీఎస్ బోరు నీళ్ళు ఒక పాలు, 50 టీడీఎస్ ఆర్వో నీళ్ళు మూడు పాళ్ళు కలిస్తే 250 అవుతుంది. ఏ అంకె ఎంచుకున్నా, ప్రతిసారీ అదే ఉండేలా చూసుకోవాలి.

గాజుపెట్టె:
పది రోజుల తర్వాత రాస్తున్నాను. అమోనియా సున్నాకు వచ్చింది, పీహెచ్ 7.4 దగ్గర నిలిచింది. ఐదు చేపలు రంగు తేలి, నేను గది తలుపు తీయగానే అద్దం దగ్గరికి వస్తున్నాయి. పైకి వచ్చి నోరు తెరిచిన చేప నాలుగో రోజు పోయింది. బోరు నీళ్ళను నైట్రేటు కిట్‌తో చూస్తే ట్యాంకులో పోయకముందే లీటరుకు 40 మిల్లీగ్రాములు వచ్చింది.

నీలిరెక్క:
చేప పోయినందుకు బాధగా ఉంది. బోరులోనే 40 ఉంటే, ఆ నీళ్ళతో రోజూ మార్చినా ట్యాంకులో అంతకు దిగువకు రాదు; ఆర్వోతో పైన చెప్పిన పాళ్ళలో కలిపితేనే తగ్గుతుంది. కుళాయి వచ్చిన రోజు రెండో డ్రమ్ము కూడా నింపి మూత పెట్టుకుంటే బోరు అవసరమే పడదు. ఎదుగుదల కోసం ఇకపై రోజుకు మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా మేపి, రోజూ 30 శాతం మార్చి చూడండి. అడుగున రాలిన మేతను అరగంటలో పైపుతో లాగేయడం మరవకండి, బీఫ్ హార్ట్ (పశువు గుండె మాంసం) మిశ్రమమైతే మరీను.