‘పువ్వు కందకుండా తేనె తాగినట్టు’ అన్న మాట గురించి

మొన్న ఒక చెల్లెమ్మ ఇక్కడ అడిగారు: ‘పువ్వు కందకుండా తేనె తాగే తుమ్మెదలా’ అంటాం కదా, ఈ మాట ఎక్కడిది, తుమ్మెద నిజంగా అంత సుతారమా అని. కామెంట్లో పట్టేది కాదు, అందుకే విడిగా రాస్తున్నాను.

పోలిక చాలా పాతది. ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పిన నీతుల్లో ఉంది: తుమ్మెద పూలను కాపాడుకుంటూనే తేనె తీసుకున్నట్టు రాజు ప్రజల్ని హింసించకుండా ధనం తీసుకోవాలని. బౌద్ధుల ధమ్మపదంలో ఇదే పోలిక మునికి చెప్పారు. పువ్వు రంగూ వాసనా చెడకుండా రసం తీసుకుపోయే తుమ్మెదలా ఊళ్ళో మసలుకోవాలని. ఆ ‘రంగు చెడకుండా’ అన్నదానికి మన ‘కందకుండా’ ఎంత బాగా అతికిందో చూడండి. రేకు నలిగితే ముందు మారేది రంగే. వాడిపోవడం తర్వాతి మాట.

ఇక తుమ్మెద సంగతి. బెంగళూరులో ఉన్నవాళ్ళు ఏ కాంపౌండు గోడ పక్కనైనా పసుపుపచ్చ గంటల్లాంటి పూల చెట్టు, టెకోమా, కనిపిస్తే కాసేపు నిలబడండి. చెక్కనీ వెదురునీ తొలిచి గూడు పెట్టే మన నల్ల తుమ్మెద చాలాసార్లు ఆ పువ్వులోకి దూరదు. బయటే వాలి, గొట్టం మొదట్లో చీల్చి, అక్కణ్ణుంచే మకరందం తాగేస్తుంది. కింద రాలిన పువ్వు తీసి తొడిమ దగ్గర చూడండి. సన్నటి చీలిక, దాని అంచులు గోధుమరంగుకి తిరిగి ఉంటాయి. అచ్చంగా కందిన గుర్తు! ఆ దారిన తాగితే పుప్పొడి దాని ఒంటికి అంటదు, పువ్వుకి ఒరిగేదేమీ ఉండదు. అలాగని తుమ్మెదని దొంగ అనేయకండి. వంగజాతి పూల మీద వాలి, ఝుమ్మని ఒళ్ళు అదిరించి పుప్పొడి రాల్చేదీ ఇదే.

నాకు ఈ మాటలో వెలితిగా తోచేది ఇంకొకటి. ఇందులో తుమ్మెద మంచితనమే ఉంది, పువ్వుకి తుమ్మెదతో ఉన్న అవసరం మాటే లేదు. మకరందం పువ్వు దగ్గర మిగిలిపోయిన సొమ్ము కాదు. చెట్టు తన చక్కెర ఖర్చుపెట్టి, రమ్మని పిలవడానికే దాన్ని ఊరిస్తుంది. పువ్వుకున్న ఈ అవసరం కొండల మీద ఇంకా స్పష్టం. ఉత్తరాఖండ్‌లోని పూలలోయ (2005 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం) మూడు వేల మీటర్ల పైన ఉంది. ఏడాదిలో చాలా నెలలు మంచు, పూతంతా వానాకాలపు కొద్ది వారాల్లోనే. అంత చలిలో పనిచేసేవి ఒంటినిండా నూగు ఉన్న పెద్ద తుమ్మెదలు, ఇంగ్లీషులో బంబుల్‌బీలు. రెక్కలు ఆడించకుండానే రెక్కల కండరాలు వణికించి ఒళ్ళు వేడెక్కించుకుని మరీ ఎగురుతాయి. అక్కడి పెడిక్యులారిస్ మొక్కల్లో చాలా జాతులకి మకరందమే ఉండదు. తుమ్మెద పుప్పొడి కోసమే వస్తుంది, పోతూ పోతూ కొంత పక్క పువ్వుకి అంటిస్తుంది.

ఒకరి రాత మారితే రెండోవారి రాతా మారుతుంది. అమెరికాలో కొలరాడో కొండల మీది రెండు బంబుల్‌బీ జాతుల నాలుకలు నలభై ఏళ్ళలో పొట్టివయ్యాయని 2015లో తేల్చారు. ఎండలు పెరిగి పూలు తగ్గాయి. పొడుగు గొట్టం పూలనే నమ్ముకుంటే గడవదు, దొరికిన ప్రతి పువ్వు మీదా వాలాల్సిందే. మరి ఆ పొడుగు గొట్టాల పూల గతి ఏమిటి? నన్ను నిజంగా బాధపెట్టేది ఆ ప్రశ్నే.

ఒక కామెంటు: అన్నా, 2022లో చిక్కమగళూరు కొండల మీద నీలకురింజి చూశాం. పువ్వు పువ్వుకీ తేనెటీగలే. దానికీ ఇదే లెక్కా?

జవాబు: ఇంకా గట్టి లెక్క తమ్ముడూ. నీలకురింజి పన్నెండేళ్ళకొకసారి కొండంతా ఒకేసారి పూసి, గింజ కట్టి, చచ్చిపోతుంది. మళ్ళీ పూసే అవకాశం ఆ మొక్కకి లేదు. పుట్టతేనె పెట్టే ఈగలు ఆ సీజన్లో అడవి కాల్చివేతకో మందులకో తగ్గిపోతే తర్వాతి తరానికి గింజ కరువే. మునుపు మున్నారులో 2006లో, 2018లో పూసింది. అన్నట్టు, మనవాళ్ళు జడలో పెట్టుకునే డిసెంబరు పూలూ దాని కుటుంబంవే.

మరొకరు: బంబుల్‌బీకి తెలుగులో ఏమనాలి? ‘భ్రమరం’ అంటే సరిపోదా?

జవాబు: సరిపోదండి, భ్రమరం అనగానే మనకి ఆ నల్లదే మెదులుతుంది. నేను ‘బొచ్చుతుమ్మెద’ అని రాస్తున్నాను, వినగానే రూపం కళ్ళకి కడుతుంది. హిమాలయాల వైపు కొన్నాళ్ళు ఉన్న తెలుగువాళ్ళు ఎవరైనా ఇంకో మాట వాడుతుంటే ఇక్కడ రాయండి. చెక్క తొలిచే నల్లదాన్ని మీ ఊళ్ళో ఏమని పిలుస్తారో, జిల్లా పేరుతో సహా చెప్తే ఇంకా మేలు.