రంగునీళ్ల శుద్ధికి సెల్ఫ్ అసెంబుల్డ్ హైడ్రోజెల్స్: మీ అనుభవాలు చెప్పండి

నీటిబొట్టు
రంగునీళ్ల శుద్ధికి హైడ్రోజెల్ చేస్తున్నాను, అంటే అణువులు తమంతట తామే పోగులుగా అల్లుకుని నీళ్లను పట్టి ఉంచే జెల్. దానికి ఎఫ్‌మాక్ అనే రసాయన గుంపు తగిలించిన డైఫినైల్ అలనిన్ అనే చిన్న పెప్టైడ్ (అమైనో ఆమ్లాల గొలుసు) వాడుతున్నాను. మిథిలిన్ బ్లూ అనే రంగు కలిపిన నీళ్లలో జెల్ వేసి రాత్రంతా వదిలితే నీళ్లు బాగా తేటపడుతున్నాయి. మిథైల్ ఆరెంజ్ అనే రంగు మాత్రం దాదాపు అలాగే ఉంటోంది. పైగా ఒక బ్యాచ్ గట్టిగా వస్తే ఇంకోటి గడ్డలు గడ్డలుగా వస్తోంది. ప్రాజెక్టు గడువు దగ్గరపడి టెన్షన్‌గా ఉంది. ఈ పని చేసినవాళ్లు కాస్త చెప్పండి.

పాత కెమిస్టు
ఆరెంజ్ దిగకపోవడంలో వింత లేదండి. మీ పెప్టైడ్ చివర ఉన్న కార్బాక్సిల్ వల్ల పోగుల మీద రుణావేశం ఉంటుంది. మిథిలిన్ బ్లూది ధనావేశం కాబట్టి అతుక్కుంటుంది, మిథైల్ ఆరెంజ్‌ది రుణావేశం కాబట్టి దూరంగా పోతుంది.

గడ్డల సంగతి: జెల్ కట్టడానికి పీహెచ్ (ఆమ్లత్వపు కొలత) దించాలని ఆమ్లం చుక్కలుగా వేస్తుంటే చుక్క పడ్డచోటే జెల్ కడుతుంది. బదులుగా గ్లూకోనో డెల్టా లాక్టోన్ వాడండి. అది నీళ్లలో మెల్లగా గ్లూకోనిక్ ఆమ్లంగా మారుతుంది, పీహెచ్ అంతటా ఒకేలా దిగుతుంది. పాలు తోడుపెట్టినట్టే, కలిపాక కదపకూడదు.

జెల్ గూడు
“తేటపడింది” అన్నచోట ఒక్క నిమిషం ఆగండి. ఇలాంటి జెల్‌లో 99 శాతం దాకా నీళ్లే. 10 మి.లీ. రంగునీళ్లలో 5 మి.లీ. జెల్ వేశారనుకోండి. పోగులు ఒక్క అణువునూ పట్టుకోకపోయినా రంగు 15 మి.లీ.లో పరుచుకుంటుంది. పైనున్న నీళ్లలో గాఢత మూడో వంతు పడిపోతుంది. జెల్ లోపలి నీళ్లను లెక్కలో కలపకపోతే 33 శాతం తొలగిందని రాసేస్తాం, నిజానికి తొలగింది సున్నా. పరిశోధన పేపర్లలో పెద్ద అంకెలు కనిపిస్తే నేను ముందు చూసేది ఇదే. గ్రాముకు ఇన్ని మిల్లీగ్రాములు అన్నప్పుడు అది పొడి బరువా, తడి బరువా అన్నదీ చూడాలి.

జెల్ లేని గొట్టం కూడా పక్కన పెట్టండి, మిథిలిన్ బ్లూ గాజుకీ ప్లాస్టిక్‌కీ పట్టేస్తుంది. స్పెక్ట్రోఫోటోమీటర్‌లో (ఏ కాంతి ఎంత పీల్చుకుంటుందో కొలిచే పరికరం) దాని రీడింగ్ 664 నానోమీటర్ల దగ్గర తీస్తారు కదా, గాఢత ఎక్కువైతే అణువులు జతకట్టి శోషణ శిఖరం 610 వైపు జరుగుతుంది. పలచన చేసి తీయండి. మిథైల్ ఆరెంజ్ అయితే పీహెచ్ 4.4 కన్నా దిగితే ఎరుపుకు తిరగడం మొదలవుతుంది. కాబట్టి ముందు బఫర్‌తో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) పీహెచ్ సరిచేయాలి.

ఉప్పునీరు
నేను అద్దకం నీళ్ల మీద పనిచేస్తాను. ల్యాబ్‌లో డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన రంగు వేరు, నిజంగా బయటికి వచ్చే నీళ్లు వేరు. రియాక్టివ్ రంగులు (నూలుతో రసాయనికంగా బంధం కట్టేవి) నూలుకు పట్టడానికి లీటరుకు పదుల గ్రాముల ఉప్పు వేస్తారు. ఆ ఉప్పు ఆవేశాల మధ్య ఆకర్షణను బాగా తగ్గించేస్తుంది. నేను వాడిన కాల్షియం ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం) జెల్ గుళికలైతే సోడియం కాల్షియం స్థానంలోకి చేరడంతో ఉబ్బి విడిపోయాయి.

ఇంకో సంగతి, రియాక్టివ్ రంగుల్లో సల్ఫోనేట్ గుంపులు ఉంటాయి, అంటే రుణావేశం. మిథిలిన్ బ్లూ మీద వచ్చిన ఫలితం వాటికి వర్తించదు. దయచేసి ఒక్క ప్రయోగమైనా ఉప్పు కలిపిన నీళ్లలో చేయండి.

నీటిబొట్టు
అయితే రుణావేశ రంగులకు ఏ జెల్ మంచిదండీ?

పాత కెమిస్టు
కైటోసాన్ (రొయ్యల, పీతల పెంకుల నుంచి తీసే పదార్థం) చూడండి. దాని అమైన్లు ఆమ్లంలో ధనావేశం తెచ్చుకుంటాయి. కానీ క్రాస్‌లింక్ చేయకపోతే, అంటే గొలుసుల్ని ఒకదానితో ఒకటి ముడివేయకపోతే, ఆ ఆమ్లంలోనే కరిగిపోతుంది. చిన్న అణువులే కావాలంటే, యార్క్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్మిత్ బృందం 2013లో సార్బిటాల్ (ఒక చక్కెర ఆల్కహాల్) నుంచి తయారైన హైడ్రజైడ్ జెల్ గురించి రాసింది. పీహెచ్ మారితే అది ఏ రంగును ఎక్కువ పట్టుకుంటుందో కూడా మారుతుంది.

జెల్ గూడు
మళ్లీ వాడదామని ఇథనాల్‌తో కడిగేరు, జాగ్రత్త. మీ పోగుల్ని నిలబెట్టేవి బలహీన బంధాలే, రంగుతోపాటు జెల్ కూడా కరిగిపోవచ్చు. మామూలు నీళ్లలోకి కూడా పెప్టైడ్ కొంత వదులుతుంది. ఎఫ్‌మాక్‌కు 300 నానోమీటర్ల దగ్గర శోషణ ఉంటుంది. అదే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో శుద్ధి చేసిన నీళ్లను అక్కడ కూడా చదవండి. అయితే మిథిలిన్ బ్లూకి కూడా 290 దగ్గర ఒక శిఖరం ఉంది, అందుకే రంగు లేని నీళ్లలో జెల్ ఉంచి విడిగా చూస్తేనే తేలుతుంది.

నీటిబొట్టు
రేపు లాక్టోన్ బ్యాచ్ పెడుతున్నాను. పక్కనే రంగు లేని గొట్టం ఒకటి, ఉప్పునీళ్ల గొట్టం ఒకటి. రీడింగులు ఇక్కడే పెడతాను.