చదువుతూనే మార్చడం: శాక్స్ ఫిల్టర్లతో మీ అనుభవాలు

గట్టుమీది_చెట్టు:
తెలుగు వికీపీడియా డంపులో (వ్యాసాలన్నిటినీ ఎక్స్ఎంఎల్ ట్యాగులతో ఇచ్చే పెద్ద ఫైలులో) "వరంగల్లు" అని ఉన్న చోటల్లా "వరంగల్" అని మార్చి, దారిమార్పు పేజీలను (మరో పేజీకి పంపేవాటిని) వదిలేసి, మిగిలినదంతా యథాతథంగా కొత్త ఫైలులోకి రాయాలని పైథాన్ శాక్స్‌లో (ఫైలును మెమరీలో నింపకుండా ట్యాగు వెంట ట్యాగు చదువుతూ పోయే పద్ధతిలో) ఒక ఫిల్టరు తయారుచేశాను. కొన్ని చోట్ల పదం మారడం లేదు. అంతకంటే బాధ కలిగించినది, కొత్త ఫైలులో తెలుగు అక్షరం ఒక్కటీ లేకుండా అన్నీ వ వంటి అంకెలే కనిపించడం.

నల్లరేగడి:
కొత్త ఫైలును రాసే ఎక్స్ఎంఎల్‌జనరేటర్‌కు ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) చెప్పకపోతే ఐఎస్ఓ-8859-1 అనుకుంటుంది. అందులో తెలుగుకు చోటు లేదు కనుక ప్రతి అక్షరాన్నీ అంకెగా రాస్తుంది. ఫైలును చదివే పార్సర్ దాన్ని తిరిగి "వ" అనే చదువుతుంది గానీ, 3 బైట్ల అక్షరం 7 బైట్లవుతుంది, మామూలు వెతుకులాటకు దొరకదు. యూటీఎఫ్-8 అని స్పష్టంగా ఇవ్వండి. నేను ఇదే కారణంతో ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను.

వేగుచుక్క:
అసలు శాక్స్ ఎందుకండీ? పైథాన్‌లోనే ఉన్న ఎలిమెంట్‌ట్రీలో, ఫైలును భాగాలుగా చదివే ఇటర్‌పార్స్ వాడి, ఒక్కో పేజీ పూర్తికాగానే మార్చి, రాసి, ఖాళీ చేస్తే సరిపోతుంది. పేజీలన్నిటినీ తనలో ఉంచుకునే అన్నిటికంటే బయటి మూలకాన్ని (ట్యాగును) కూడా ఖాళీ చేయడం మరవకండి, లేకపోతే ఖాళీ పేజీలే పోగై మెమరీని తింటాయి. నా పాత లాప్‌టాప్‌లో డంపు మొత్తం ఇలాగే పూర్తిచేశాను.

పాతకాపు:
యథాతథంగా కావాలని ఆయన అడిగారు. మీ పద్ధతిలో ప్రతి ట్యాగుకూ ముందు "ఎన్ఎస్0:" వచ్చి చేరుతుంది. డేవిడ్ మెగిన్సన్ నాయకత్వంలో శాక్స్ 1.0 వెలువడిన 1998 నుంచీ ఈ పనిలో ఉన్నాను, మీరు చెప్పినది సలహా కాదు.

వేగుచుక్క:
నేమ్‌స్పేస్ (ట్యాగుల పేర్లు ఏ సమూహానివో చెప్పే గుర్తింపు) చిరునామా ఒకటే అయినప్పుడు ముందు ఏ అక్షరాలున్నా అర్థం మారదు. రిజిస్టర్_నేమ్‌స్పేస్‌కు ఖాళీ పేరిస్తే అవీ పోతాయి. అనుభవం ఎన్నేళ్లదైనా తప్పు తప్పే.

పాతకాపు:
అర్థం మారదని మీకూ నాకూ తెలుసు, ఆ ఫైలును తరువాత చదివే పాత స్క్రిప్టుకు తెలియదు. అది ఆగిపోతే అర్ధరాత్రి లేచేది నేను.

వేగుచుక్క:
అయితే సరిచేయవలసింది ఆ స్క్రిప్టును. నామీద విసుక్కోవడం న్యాయం కాదు.

ఏటిఒడ్డు:
ఇద్దరూ శాంతించండి, మారని పదం సంగతి ఎవరూ చెప్పలేదు. ట్యాగుల మధ్య పాఠాన్ని పార్సర్ మన ఫిల్టరుకు అందించే క్యారెక్టర్స్ అనే పిలుపు ఒక మూలకానికి ఒక్కసారే వస్తుందన్న హామీ లేదు. "వరం" ఒక ముక్కలో, "గల్లు" తరువాతి ముక్కలో రావచ్చు. ముక్కలన్నీ జాబితాలో దాచుకుని, మూలకం ముగిసిందని చెప్పే ఎండ్ఎలిమెంట్ వచ్చాక కలిపి మార్చి పంపండి. దారిమార్పు గుర్తు కూడా పేజీ ట్యాగు దాటిపోయాకే వస్తుంది కనుక, దాని తరువాతి రివిజన్ ట్యాగు వచ్చే వరకు పార్సర్ పంపే ఘటనలన్నీ ఆపి ఉంచక తప్పదు. అలా ఆపేటప్పుడు అట్రిబ్యూట్లకు (ట్యాగు లోపల రాసే వివరాలకు) నకలు తీసుకోండి. పార్సర్ అదే వస్తువును మళ్ళీ వాడుకోవచ్చు. జావాలో ఇది తెలియక నేను మూడు రోజులు లేని తప్పును వెతికాను.

మంచెమీద:
జావా మాట వచ్చింది కనుక చెబుతున్నాను. అక్కడ శాక్స్ ఫిల్టర్లకు ఆధారమైన ఎక్స్ఎంఎల్‌ఫిల్టర్‌ఇంపుల్ వ్యాఖ్యలను (ఫైలులో మనుషుల కోసం రాసే కామెంట్లను) ముందుకు పంపదు. మా సెట్టింగుల ఫైలులో ఏళ్ల తరబడి రాసుకున్న వివరణలన్నీ ఒక్క పరుగులో పోయాయి. వ్యాఖ్యలను అందుకునే లెక్సికల్‌హ్యాండ్లర్‌ను విడిగా తగిలించాలి.

గట్టుమీది_చెట్టు:
అక్షరాలు తిరిగి వచ్చాయి, పదాలూ మారుతున్నాయి, అందరికీ కృతజ్ఞతలు. కానీ "వరంగల్లుకు" అన్నది "వరంగల్కు" అయి, క ఒత్తుగా మారి ల కిందికి చేరింది.

ఏటిఒడ్డు:
పొల్లు తరువాత హల్లు వస్తే మధ్యలో యూ+200సీ (అక్షరాలు కలవకుండా ఆపే కనిపించని గుర్తు) చేర్చండి, "వరంగల్‌కు" అవుతుంది. ముక్కలు కలిపిన తరువాతే ఆ పని చేయండి, ఆ హల్లు తరువాతి ముక్కలో ఉండవచ్చు.